అమ్మమ్మ తుంటి కోసం కళింగపట్నం దాకా

కళింగపట్నం వెళ్ళొచ్చానంటే అందరూ ఒకటే అడుగుతున్నారు. లైట్‌హౌసు చూశావా? చూడలేదు. సముద్రంలో మునిగావా? పాదాల దాకా. మరెందుకు వెళ్ళినట్టు? ముప్పై అయిదేళ్ళ కిందట విరిగిందో లేదో తేలని ఒక ఎముక కోసం. ఆ ఎముక మా అమ్మమ్మది. అమ్మమ్మ ఎప్పుడో పోయింది, ఎముక సంగతి తేల్చడానికి మాత్రం మాకు రెండు రోజులే గడువిచ్చారు. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళు లైట్‌హౌసు గురించి ఇంకెవరినైనా అడగండి.

కొత్తవలస

మా అమ్మ లచ్చిమికి యాభై నాలుగేళ్ళు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మూడు వారాల కిందట కుళాయి దగ్గర జారి, చెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు విరిగింది. మేడ మీంచి పడలేదు, బండి మీంచి పడలేదు, తన ఎత్తు నుంచి తనే పడింది. అమ్మ ఎత్తు కూడా పెద్ద ఎత్తేం కాదు. కట్టు కట్టిన డాక్టరు, "ఇంత చిన్న పడటానికి విరక్కూడదమ్మా, ఎముక గట్టితనం చూపించుకోండి" అని విజయనగరంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి రాసిచ్చాడు.

నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివి ఇప్పుడో ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్తున్నాను. మా చుట్టాల లెక్కలో అది సగం డాక్టరీ. మనుషుల సంగతి సరే, మేకకి విరేచనాలైనా నాకే ఫోన్ చేస్తారు. అందుకని అమ్మ వెంట వెళ్ళే బాధ్యత నాది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా నాన్న మా అమ్మకి సొంత మేనమామ. అంటే అమ్మమ్మ నాకు మేనత్త కూడా. కొత్తవలస స్టేషన్లో కిరండూల్ లైను చీలిపోతుందని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. మా ఇంట్లో వ్యవహారం తిరగేసి: రెండు లైన్లూ ఒకే ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి.

గురువారం పొద్దున్న పాసింజరు ఎక్కాం. మా ఎదుట ఒక ముసలామె తేగల కట్టలు పెట్టుకుని కూర్చుంది. నడుము ఎంత వంగిపోయిందంటే మనతో మాట్లాడాలంటే మెడ పక్కకి తిప్పి చూడాలి.

"ఏటమ్మా, సెయ్యికి ఏటయినాది?"

"జారినాను" అంది అమ్మ.

"ఆడదాని ఒళ్ళు అంతే. నాకు తుమ్మితే పక్కటెముక ఇరిగినాది." పది రూపాయల కట్టలోంచి లావుపాటి తేగ ఒకటి ఏరి అమ్మకిచ్చింది. "మాయమ్మదీ ఇదే వంపు. మాయప్పదీ ఇదే."

నేను నవ్వుదామని అమ్మ వైపు తిరిగాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అక్కడ చూడ్డానికి ఒక గూడ్సు బండి వెనక భాగం తప్ప ఏమీ లేదు.

విజయనగరం

స్టేషన్ బయట చోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసు ఇరవై రూపాయలు, ఉల్లిపాయ ముక్క ఊరికే. మా ఇంట్లో ఆ అంబలి గిన్నెడు ఉచితం, అయినా నేను ముట్టను. ఇక్కడ రెండు గ్లాసులు తాగాను.

"ఇంటికాడ ఇస్తే మొకం తిప్పీసీదానివి కదేటి?" అంది అమ్మ.

"ఇక్కడ స్టీలు గ్లాసు పెద్దదమ్మా."

డాక్టరు దగ్గర అమ్మని ఒక బల్ల మీద పడుకోబెట్టి, పైన ఒక చెయ్యి లాంటి యంత్రాన్ని అటూ ఇటూ నడిపించారు. నొప్పి లేదు, సూది లేదు. అమ్మకి అదే నచ్చలేదు. సూది లేని వైద్యం మీద ఆవిడకి నమ్మకం లేదు.

రిపోర్టు గీత మీద నిలబడింది. ఇటు పడితే మందు, అటు పడితే కాల్షియం బిళ్ళలు. డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ముట్లు ఎప్పుడాగిపోయాయమ్మా?"

"ముప్పై ఎనిమిదిలో ఆపరేషన్ సేసీసినారు. గర్భసంచీ, దానితో పాటు ఉన్నవన్నీ తీసీసినామన్నారు."

డాక్టరు పెన్ను ఒక్క క్షణం ఆగింది. "అంటే పదహారేళ్ళుగా ఎముకలకి కాపలా కాసే హార్మోను లేదు. ఇది ఒక కారణం. రెండో కారణం ఉందా లేదా అన్నదే ఇప్పుడు నాకు కావాలి. మీ అమ్మగారికి తుంటి విరిగిందా?"

అమ్మ డాక్టరు వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ తర్వాత చెప్పింది. "నేదమ్మా. మాయమ్మకి పచ్చవాతం. మంచం పట్టి నాలుగు నెలల్లో పోనాది."

"నిజంగా?"

"నేదమ్మా. మా వంశంలో ఎవులికీ ఎముకలు ఇరగనేదు."

నేను చదువు చూపించుకోవాలని, జన్యు పరీక్ష ఏదైనా చేయిస్తే తేలుతుందా అని అడిగాను. డాక్టరు నవ్వింది. ఎముకని బలహీనం చేసే జన్యువు ఒకటంటూ లేదట. చాలా ఉంటాయట, ఒక్కోటీ కాస్త కాస్త తోస్తుందట. అవన్నీ కలిసి ఎంత తోశాయో తెలుసుకోడానికి చవకైన పరీక్ష ఒకటే ఉంది: తల్లికో తండ్రికో తుంటి విరిగిందా? "విరిగిందంటే మీ అమ్మగారికి నేను ఒక్క రోజు ఆగను. లేదంటే బిళ్ళలిచ్చి ఏడాది తర్వాత రమ్మంటాను."

"ఈ ఏడాదిలో మళ్ళీ పడితే?"

"ఈసారి చెయ్యే విరగాలని లేదు."

నాకు తోచిన జోకు ఒకటి ఉంది. చెప్పలేదు.

"ఈవిడ అక్కగారు ఎవరైనా ఉన్నారా? ఆపరేషన్ కానివాళ్ళు? వాళ్ళనీ చూస్తే వంశం సంగతి తేలిపోతుంది. శనివారం ఒంటిగంట దాకా ఉంటాను. మళ్ళీ నెలన్నర దాకా ఊళ్ళో ఉండను."

పెద్దమ్మ ఉంది. కళింగపట్నంలో. ఆపరేషన్ కాలేదు. ఫోన్‌లో మాట్లాడదు, అందులో మాట్లాడితే చెవుడొస్తుందని.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. పోయినావిడ ఆయన సొంతక్క కదా.

"ఆడోల్ల ఎముకల సంగతి నాకేటి తెలుస్తాది? అప్పుడు నాను అరకు అవతల లైన్లో డూటీలో ఉన్నాను" అని పెట్టేశాడు. నేను పుట్టిన దగ్గర్నుంచీ మా నాన్న, ఏం తిన్నారని అడక్కుండా ఫోన్ పెట్టేయడం అదే మొదలు.

"నేనొక్కదాన్నే కళింగపట్నం వెళ్ళి పెద్దమ్మని తీసుకొస్తాను, నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నాను.

"నానూ వస్తాను" అంది అమ్మ. విరిగిన చెయ్యి, మూడు గంటల బస్సు, ప్రతి రెండు కిలోమీటర్లకీ ఒక స్పీడ్ బ్రేకరు. అయినా వస్తానంది. అంతకు ముందు నిమిషమే నడుం లాగేస్తోందని కూర్చుంది.

శ్రీకాకుళం

ఆ రాత్రి ఎచ్చెర్లలో నా స్నేహితురాలి గదిలో పడుకుని, శుక్రవారం శ్రీకాకుళం కాంప్లెక్సులో కళింగపట్నం బస్సు పట్టుకున్నాం. సీటు దొరికింది. ఎక్స్‌రే కవరు పైన పెట్టాను. పది నిమిషాల తర్వాత చూస్తే అది ముందు సీటాయన చేతిలో ఉంది. విసురుకుంటున్నాడు.

"బాబూ, అది మా అమ్మ చెయ్యి."

ఆయన తీసి వెలుతురికి పెట్టి చూశాడు. పక్కాయన తొంగి చూశాడు. వెనక నుంచి ఒకావిడ లేచి నిలబడింది. గార పేట వచ్చేసరికి మా అమ్మ మణికట్టు సగం బస్సు చూసింది. ఒకాయన ఇది గ్యాసు అన్నాడు. ఇంకొకాయన, మా బావమరిదికి ఇలాగే ఉంటే ఆకు కట్టు కట్టారు, ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు అన్నాడు. మా వైపు ఎవరైనా చెయ్యి విరిగితే ముందు బాధ అడుగుతారు. ఇక్కడ ముందు వైద్యం చెప్పి, తర్వాత పేరు అడుగుతారు.

ప్రతి గతుక్కీ నేను అమ్మ నడుం వెనక చెయ్యి పెడుతున్నాను. తీయమంటోంది. తీయడం లేదు.

"సిట్టీ, దిగిపోదామేటే? అప్పకి ఇప్పుడవన్నీ గేపకం ఉండవు. ముసిల్దయిపోనాది."

పెద్దమ్మకి నా బారసాలకి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో గుర్తు. ఆ సంగతి పోయిన నెలే అమ్మ నాకు నవ్వుతూ చెప్పింది. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. అమ్మ నాకు తోడుగా రావడం లేదు. కాపలాగా వస్తోంది.

కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయి. ఒడ్డున తెప్పలు, ఇసకలో పరిచిన వలల మీద ఎండుతున్న నెత్తళ్ళనే చిన్న చేపలు. కొత్తవలస సంతలో గుప్పెడు ఎంతకిస్తారో ఇక్కడ అంతకి చేటెడు ఇస్తారు. వాసన మాత్రం రెండు చోట్లా ఒకటే రేటు.

పెద్దమ్మ పేరు నూకాలు. అరవై ఆరేళ్ళు. ఇప్పటికీ తెల్లారగట్ల ఒడ్డుకి పోయి చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద అమ్ముతుంది. కొడుకు బోటు మీద పోతాడు. కోడలు పైడమ్మ. అత్తాకోడళ్ళకి అయిదు నెలలుగా మాటల్లేవు.

"ఓలమ్మ, గుంట ఎంత సిక్కిపోనాదే!" అని పెద్దమ్మ నన్ను పట్టుకుంది. నన్ను పట్టుకోవడానికి ఆవిడ చేతులు పైకెత్తాల్సి వచ్చింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

భోజనంలో నెత్తళ్ళ వేపుడు. ముళ్ళు తీయరు, కరకరా నమిలేస్తారు. తరతరాలుగా ముళ్ళు నమిలిన వంశంలో ఎముకలకేం లోటని మనసులో అమ్మ తరఫున వాదించుకున్నాను. అమ్మ మాత్రం నా పక్కనుంచి కదల్లేదు. నేను చెయ్యి కడుక్కోడానికి లేస్తే లేచింది. పెద్దమ్మ పక్కన చాప వేసుకుంటే మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది. నేను, "పెద్దమ్మా, అమ్మమ్మకి" అనగానే, "అప్పా, ఈ యేడు రొయ్య పడిందేటి?" అంది. పదేళ్ళుగా రొయ్య గురించి మా అమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు.

చివరికి నేను కోడలి గొడవ అడిగాను. అది అడగడానికి అమ్మ అడ్డుపడలేదు.

"దండెం ఎత్తీసినాదే!" అంది పెద్దమ్మ. "పెరట్లో బట్టలారేసుకునే దండెం. ముప్పై ఏల్లుగా నా సేతికి అందేది. ఇప్పుడు మునేళ్ళ మీద నిలబడాల. నాను బట్టలారేసుకోకూడదని మేకు పీకి పైన కొట్టినాది."

వంటింట్లోంచి పైడమ్మ గోడకి చెప్పింది. "నాకేటి పనీ పాటా నేదేటి? మేకుల్తో ఆడుకుంటానేటి?"

"దానికి సెప్పు, సీరలు కూడా నేతోల్లు పొడుగు సేసీసినారు, అది కూడా దాని పనేనేమో. కుచ్చిళ్ళు కాళ్ళ కింద పడతన్నాయి."

నేను నవ్వుకుంటూ పెరట్లోకి వెళ్ళాను, న్యాయం తేల్చడానికి. మేకు తుప్పు పట్టి ఉంది. దాని కిందుగా గోడ మీద తుప్పు నీరు కారిన చార ఒకటి, నాలుగు సున్నపు పూతల కింద నుంచీ కనబడుతోంది. గోడంతా వెతికాను. ఇంకో చిల్లు లేదు. మేకు ఎక్కడికీ పోలేదు.

నవ్వు ఆగిపోయింది. దండెం అక్కడే ఉంది. చీర పొడవు కూడా అంతే ఉండాలి. తగ్గింది పెద్దమ్మ. వెన్నుపూస ఒక్కొక్కటీ నలిగి కూరుకుపోతుంటే మనిషి ఎత్తు పోతుందని చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. ఎదురుగా చూడ్డం ఇదే. ఆపరేషన్ కాని మనిషి. ముళ్ళు నమిలే మనిషి.

వెనక అమ్మ నిలబడి ఉంది. ఆవిడా ఆ చారే చూస్తోంది.

"నీ పెళ్ళినాటికి పెద్దమ్మకి నువ్వు ఎంతవరకు వచ్చేదానివమ్మా?"

"సెవి దాకా" అంది. ఇప్పుడు పెద్దమ్మ కొప్పు అమ్మ కనుబొమ్మల దగ్గర ఉంది.

శనివారం తెల్లారుతూనే బస్సుకి వెళ్ళాలి. పెద్దమ్మ విజయనగరం రానంటే రానంది. నడుం నొప్పి లేని జాలారిది ఎక్కడైనా ఉందేటి అని మమ్మల్నే అడిగింది. అప్పటికే ఒడ్డుకి పోయి వచ్చేసింది. వాకిట్లో నిండు తట్ట, మీద తడి గోనె. దాన్ని నెత్తికెత్తుకోడానికి ఎవరో ఒకరు సాయం పట్టాలి. రోజూ పట్టే పైడమ్మ అయిదు నెలలుగా పట్టడం లేదు, ఈవిడ అడగడం లేదు. పెద్దమ్మ ఒంటరిగా వంగింది. రెండు చేతులూ తట్ట కింద పెట్టింది. నేను ఆరడుగుల దూరంలో సంచీ సర్దుతున్నాను. వీపు గుండ్రంగా వంగడం, చేతుల నరాలు బిగియడం చూశాను.

"ఎత్తకప్పా!"

అమ్మ అరుపు. కట్టు కట్టిన చేత్తోనే పరిగెత్తి తట్ట మీద పడింది. చేపలు వాకిలంతా చిందాయి.

"ఎత్తకు! అమ్మ తుంటి ఇరిగినట్టే నీకూ ఇరుగుతాది!"

వాకిట్లో ఉన్న కాకులు తప్ప ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ ముందు అమ్మని చూసింది. తర్వాత నన్ను.

"గుంట ముందు అనీసినావేటే?" అంది చాలా చిన్నగా. "పెల్లి కాని గుంట ముందు?" గబగబా వంటింట్లోకి పోయి ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పి పారేసింది. మూడుసార్లు ఉమ్మమంది. ఉమ్మాను. ఎమ్మెస్సీ ఆ సమయానికి నాకు అడ్డు రాలేదు.

అప్పుడు తెలిసింది. మా ఇంటి ఆడవాళ్ళ పద్ధతి ఒకటుందట. తల్లిదైనా అమ్మమ్మదైనా జబ్బు పేరు పెళ్ళి కాని ఆడపిల్ల ముందు పలకరు. నోట్లోంచి వస్తే దాని ఒంట్లోకి పోతుందట. యాభై నాలుగో ఏట అమ్మమ్మ ఇసకలో కాలు మడత పడి కూలబడింది. తుంటి విరిగింది. కట్టు కట్టే ఆయన వచ్చి కాలు లాగాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళ మా అమ్మకి ఇంకా పెళ్ళి కాలేదు, బయటికి పంపేశారు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ పచ్చవాతం అన్నారు. నాన్నకీ ఆ పద్ధతి అప్పజెప్పి ఉంటారు, అందుకే గురువారం నా ఫోన్ పెట్టేశాడు.

"నీకు ఎవులు సెప్పినారే?" అంది పెద్దమ్మ. "నీకు తెలీదనే ఇన్నేల్లూ నాను..."

"తడిక అవతలే ఉన్నాను కదప్పా" అంది అమ్మ, చేపలు ఏరుతూ. "పచ్చవాతం వచ్చినోల్లు అలగ అరవరు."

ఇద్దరూ ముప్పై అయిదేళ్ళు ఒకరి దగ్గర ఒకరు దాచారు. గురువారం డాక్టరు గదిలో నేను బయటికెళ్ళి టీ తాగి ఉంటే అమ్మ అప్పుడే చెప్పేసేది. ఇంత ప్రయాణం, ఇన్ని గతుకులు, నేను కుర్చీలో కూర్చున్నందుకు.

పైడమ్మ వచ్చి మాట్లాడకుండా తట్ట పక్కకి లాగింది. పెద్దమ్మ చీర మార్చుకుని వచ్చి, ఆటో ఎక్కుతూ వెనక్కి చూడకుండా అంది. "ఆ దండెం కుసింత కిందకి కట్టు."

"అలగే అత్తా."

క్షమాపణ అని నేను దాన్నే అంటాను. అంతకంటే పెద్దది మా వైపు దొరకదు.

మళ్ళీ విజయనగరం

పన్నెండున్నరకి చేరాం. పెద్దమ్మని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచారు. నర్సు చెప్పిన లెక్క విని, గోడ తప్పు చెప్తోందంది. రెండోసారి కొలిపించుకుంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు రెండు నలిగి ఉన్నాయి. తట్ట ఇక ముట్టద్దని డాక్టరు చెప్తుంటే, "మరి సేపలు ఎవులు మోస్తారు?" అని అడిగింది.

డాక్టరు అమ్మ కాగితం ముందుకు లాక్కుంది. "ఇప్పుడు చెప్పండమ్మా. మీ అమ్మగారికి తుంటి విరిగిందా?"

అమ్మ నన్ను చూసింది. నేను లేచాను. "బయట కూర్చుంటానమ్మా."

అమ్మ పెదవులు కదిలాయి. నేను తలుపు దాకా వెళ్ళాను. పెద్దమ్మే చెప్పేసింది. "ఇరిగినాదమ్మా. మాయమ్మకి."

డాక్టరు రాసుకుంది. రక్త పరీక్షలు చూసి అమ్మకి మందు ఇవాళే మొదలుపెడదామంది. ఆపరేషనూ వంశమూ రెండూ కలిశాయి కాబట్టి ఆగడం మంచిది కాదంది. అమ్మ తలాడించింది. వింటున్నట్టు లేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి.

"నాకు సరే. ఈ గుంటకో?"

"ఆవిడకి ఇప్పుడు స్కాన్ అక్కర్లేదమ్మా. వయసెంత?"

"ఇరవై ఆరు" అన్నాను తలుపు దగ్గర్నుంచి.

"వంశంలో ఉందంటే వచ్చి తీరుతుందని కాదు. ముప్పై దాకా ఎముక ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. ఎంత కూడబెట్టుకుంటే అంత. ఎండ, నడక, చోళ్ళు, పాలు. ముఖ్యంగా, కారణం లేకుండా ఎవరినీ గర్భసంచీ ముట్టనివ్వకూడదు."

"అంటే నాలుగేళ్ళున్నాది" అంది అమ్మ.

"నాకు ముందు మీ మందు రాయనివ్వండి."

"నాది తరవాత. నానెక్కడికీ పోను. ముందు దానికో కాగితం రాయండి."

డాక్టరు కొత్త కాగితం తీసి నా వైపు చూసింది. "పేరు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది. పేరు చెప్పింది. వయసు చెప్పింది. డాక్టరు పెన్ను ఆగాక, ఎవరూ అడక్కుండానే, నా మొహంలోకి చూస్తూ, ఆ గది దాటి వినబడేంత గట్టిగా చెప్పింది.

"దీని అమ్మమ్మకి తుంటి ఇరిగినాదమ్మా. రాసుకోండి."